సెల్ఫ్ తీసుకోని బండి: కారు బ్యాటరీ మార్పు డైరీ

బండి: చిన్న పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు, సిగ్నల్ దగ్గర ఇంజిను తనే ఆగి తనే స్టార్టయ్యే స్టార్ట్-స్టాప్ లేదు. పాత బ్యాటరీ మీద రాసి ఉన్నది 38బీ20ఎల్, 12 వోల్టులు, 35 ఆంపియర్ అవర్ (ఎంత కరెంటు నిల్వ ఉంచగలదో చెప్పే అంకె). బిగించి 4 ఏళ్ల 2 నెలలైంది. ఫిర్యాదు: మూడు నాలుగు రోజులు ఇంటి ముందే నిలిపి ఉంచితే సెల్ఫ్ తీసుకోవట్లేదు. పక్క బండి నుంచి కేబుళ్లు తగిలిస్తే స్టార్టవుతుంది, మళ్లీ నాలుగు రోజులకు అదే గోల.

శనివారం ఉదయం: తప్పు బ్యాటరీదేనా?

తాళం తిప్పితే టిక్ టిక్ టిక్ అని వరసగా చప్పుడు, ఆ చప్పుడుకు తగ్గట్టే డ్యాష్‌బోర్డు లైట్లు మసకబారి మళ్లీ వెలగడం. సెల్ఫ్ మోటారుకు కావలసినంత కరెంటు అందట్లేదనడానికి ఇది గుర్తు. ఒకే ఒక్క 'టక్' వినిపించి లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతుంటే సెల్ఫ్ మోటారునో, దానికి కరెంటు వదిలే స్విచ్చు సోలెనాయిడ్‌నో అనుమానించాలి. చప్పుడూ లేదు, లైట్లూ లేవంటే ఊడిన క్లాంపో (కేబుల్‌ను టెర్మినల్‌కు పట్టి ఉంచే బిగింపు), పోయిన మెయిన్ ఫ్యూజో. ఈ మూడు రకాల జబ్బులకూ బ్యాటరీ మార్చేసి, జబ్బు అలాగే ఉండిపోయిందని బాధపడేవాళ్లు ఎందరో. అందుకే ముందు మీటరు.

మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, రాత్రంతా నిలిచి ఉన్న బండి మీద కొలిస్తే 11.62. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.7 చూపిస్తుంది. 12.4 అంటే దాదాపు ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు, 11.8 కిందికి దిగితే ఖాళీ అన్నట్టే. ఇంజిను ఆపిన వెంటనే కొలిస్తే చార్జింగు తాలూకు వోల్టేజీ పైపైన మిగిలి ఉండి అంకె ఎక్కువ చూపిస్తుంది. అలాంటప్పుడు హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి, ఆపి, కాసేపాగి చూడాలి. 10.5 దగ్గర ఆగిపోయి, చార్జి చేసినా పైకి రానంటే ఆరు సెల్లుల్లో ఒకటి పోయిందని అనుకోవచ్చు. ఇక్కడ ఆ లక్షణం లేదు.

బ్యాటరీ మూత మీది చిన్న గాజు కన్ను మాత్రం ఆకుపచ్చగానే ఉంది, అంటే చార్జి బాగుందని. దాన్ని నమ్మవద్దు. అది ఆరు సెల్లుల్లో ఒక్కదాంట్లోని యాసిడ్ సాంద్రతనే చూపిస్తుంది. మిగతా అయిదింటి సంగతి దానికి తెలియదు.

ప్లస్ క్లాంపు చుట్టూ తెలుపు, నీలి ఆకుపచ్చ కలిసిన చిలుము పొర కట్టి ఉంది. ఇది చూడగానే గీకి పారేయాలనిపిస్తుంది గానీ ముందు కొలవాలి. మీటరు ఒక ప్రోబు సీసపు టెర్మినల్ నెత్తి మధ్యలో, రెండోది దాని చుట్టూ ఉన్న క్లాంపు మీద పెట్టి, ఇంకొకరి చేత తాళం తిప్పిస్తే 0.9 వోల్టు. అంటే ఆ పల్చటి పొరలోనే దాదాపు ఒక వోల్టు పోతోంది. ఉండవలసింది 0.1 లోపు. క్లాంపు తీసి, గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి పోసి, వైరు బ్రష్‌తో లోపలి గుండ్రాన్ని సీసం మెరిసేదాకా రుద్ది బిగిస్తే 0.03కి దిగింది. హారన్ మోత పెరిగింది, సెల్ఫ్ మాత్రం ఇంకా తీసుకోలేదు. అంటే చిలుము ఒక తప్పు, అసలు తప్పు ఇంకొకటి.

శనివారం రాత్రి: చార్జింగు పరీక్ష

ఖాళీగా ఉన్న బ్యాటరీని చచ్చిందని తేల్చడం తొందరపాటు. ముందు నింపి చూడాలి. కరెంటు ఆంపియర్ అవర్లలో పదో వంతు, అంటే ఈ బ్యాటరీకి 3.5 ఆంపియర్లు. మైనస్ కేబుల్ తీసేసి, ముందు చార్జరు క్లిప్పులు తగిలించి, ఆ తర్వాతే గోడ స్విచ్చు వేయాలి. తీసేటప్పుడు దీనికి తలకిందులు: ముందు స్విచ్చు ఆపి తర్వాత క్లిప్పులు. చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. క్లిప్పు దగ్గర చిన్న నిప్పురవ్వ లేచినా ప్రమాదమే. వంటింట్లో, మూసిన గదిలో, దేవుడి దీపం దగ్గర ఈ పని వద్దు. బాల్కనీయో, షెడ్డో మేలు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని తీగలు తీసి కారు బ్యాటరీకి తగిలించే అలవాటు కొందరికి ఉంది. పెద్ద ట్యూబులర్ బ్యాటరీకి సరిపడే 10, 15 ఆంపియర్లను అది ఈ చిన్నదాంట్లోకి తోస్తుంది. యాసిడ్ ఉడుకుతుంది, ప్లేట్లు వంగుతాయి. దయచేసి అలా చేయకండి.

అసలు విషయం ఇక్కడ బయటపడింది. దాదాపు ఖాళీ అయిన 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 3.5 ఆంపియర్లకు నిండాలంటే 10 నుంచి 12 గంటలు పట్టాలి. ఇది గంటా ఇరవై నిమిషాలకే 14.4 వోల్టులకు చేరి, చార్జరు కరెంటు తగ్గించేసింది. అంటే లోపలికి వెళ్లింది అయిదు ఆంపియర్ అవర్లు కూడా కాదు. బిందె చిన్నదైపోతే నీళ్లు తొందరగా నిండినట్టే. ప్లేట్ల మీద సీసపు సల్ఫేటు గట్టి పలుకులుగా పేరుకుపోయినప్పుడు ఇలా అవుతుంది. బ్యాటరీ వారాల తరబడి సగం ఖాళీగా ఉండిపోతే ఆ పలుకులు గట్టిపడి, మామూలు చార్జింగుకు కరగవు.

ఆదివారం ఉదయం: తీర్పు

చార్జరు తీసి రాత్రంతా వదిలేస్తే 12.31. తాళం తిప్పితే బండి స్టార్టయింది గానీ, ఆ రెండు సెకన్లలో మీటరు 8.4కి పడింది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కిందికి దిగకూడదు. ఈ మూడు గుర్తులూ (త్వరగా నిండడం, నిండినా 12.6 అందుకోకపోవడం, సెల్ఫ్‌కు కుంగిపోవడం) కలిస్తే ఇక సందేహం లేదు. బ్యాటరీ మార్చాలి.

పైన మూతలుండే రకమైతే డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి పోయవచ్చు. ప్లేట్లు ఎండిపోయి కొంతకాలం గడిచాక నీళ్లు పోసినా ఎండిన భాగం తిరిగి రాదు. పైనుంచి యాసిడ్ పోస్తే బాగుపడుతుందనేది పూర్తిగా తప్పు. ఆవిరైపోయేది నీరు, యాసిడ్ లోపలే ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం: కొత్తది కొనకముందే కరెంటు లీకేజీ కొలవడం

ఇంటి దగ్గర బ్యాటరీ మార్చుకునేవాళ్లలో చాలామంది ఈ పని వదిలేస్తారు. ఈ డైరీ రాయడానికి కారణం కూడా ఇదే. 4 ఏళ్లు మన ఎండల్లో ఒక బ్యాటరీకి చెప్పుకోదగ్గ వయసే, వయసు మీద పోయిందని సరిపెట్టుకోవచ్చు. కానీ 'నాలుగు రోజులు నిలిపితే' అన్న ఫిర్యాదులో లెక్క ఉంది. ఆపి ఉంచిన బండి ఎంత కరెంటు తాగుతోందో చూడకుండా కొత్తది పెడితే, అదీ ఇదే దారిన పోతుంది.

మీటరు ఎర్ర తీగను 10ఏ అని రాసిన రంధ్రంలోకి మార్చాలి. ఒక ప్రోబు బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద, రెండోది ఊడదీసిన మైనస్ క్లాంపుకి. ఇలా మీటరు మధ్యలో ఉండగా తాళం తిప్పితే మీటరులోని ఫ్యూజు పోతుంది, తాళం జేబులో కాదు ఇంట్లో పెట్టి రావాలి. క్యాబిన్‌లోని ఫ్యూజులు చూడాలంటే డోరు తెరిచి ఉంచక తప్పదు కాబట్టి, డోరు గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో మూసుకున్నట్టు నొక్కి, లోపలి లైటు ఆరేలా చేయాలి. పరీక్ష అయ్యాక హ్యాండిల్ లాగి గొళ్లెం విడిపించడం మరవకండి. అలాగే డోరు వేస్తే గొళ్లెం దెబ్బతింటుంది.

తగిలించగానే 1.7 ఆంపియర్లు. కంగారు పడనక్కర్లేదు, లోపలి కంప్యూటర్లు మేలుకొని ఉన్నాయి. పది నిమిషాలకు 0.41. అరగంటకు 0.30 దగ్గర నిలబడిపోయింది. ఇలాంటి బండికి 0.05 లోపు ఉండాలి.

ఏ ఫ్యూజు దారిలో పోతోందో తెలుసుకోవడానికి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకడం పాత పద్ధతి. పీకి పెట్టినప్పుడల్లా కంప్యూటర్లు మళ్లీ మేలుకొని అరగంట వృథా. అంతకంటే, బ్లేడు ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి ఆ రెంటి మీదా ప్రోబులు ఆనిస్తే, కరెంటు పారని ఫ్యూజు సున్నా చూపిస్తుంది, పారేది ఎంతో కొంత చూపిస్తుంది. అయితే ప్రోబుల తీగ ఆంపియర్ల రంధ్రంలోనే ఉంచి ఈ కొలత చేయకూడదు. ఇంకో మీటరు ఉంటే సుఖం, లేకపోతే మైనస్ క్లాంపు బిగించేసి, బండి మళ్లీ నిద్రపోయాక ఈ ఒక్క మీటరుతోనే చూసుకోవచ్చు.

రేడియో ఫ్యూజు మీద అంకె కనిపించింది. దాని వెనకాల తర్వాత ఎప్పుడో బిగించిన డ్యాష్‌క్యామ్ తీగ, ఎప్పుడూ కరెంటుండే వైపు చుట్టి ఉంది. ఆ తీగ విడదీసి మళ్లీ అరగంట ఆగితే 0.022.

లెక్క చూడండి. 0.30 ఆంపియర్లు రోజుకు 24 గంటలంటే 7.2 ఆంపియర్ అవర్లు. కొత్త 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయినా అయిదో రోజుకు ఖాళీ. రోజూ ఇరవై నిమిషాలు ఊళ్లో తిప్పితే, ఇంజినుతో తిరిగి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ ఆ లోటు పూడ్చలేదు. అందుకే ఈ బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితో ఉండి, సల్ఫేటు కట్టుకుని చచ్చింది. 0.022 అయితే రోజుకు అర ఆంపియర్ అవరు పైచిలుకు మాత్రమే.

డ్యాష్‌క్యామ్‌ను ఫ్యూజు ట్యాప్‌తో (ఫ్యూజు చోటు నుంచే ఇంకో తీగకూ కరెంటు ఇచ్చే చిన్న ముక్క), తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజుకు మార్చాం. ట్యాప్‌లో రెండు ఫ్యూజులు: అసలు ఫ్యూజు అంతే ఆంపియర్లది కింద, క్యామెరాకు 2 ఆంపియర్లది పైన.

సోమవారం: కొనుగోలు

38బీ20ఎల్ అన్న పేరును విడదీసి చదువుకుంటే షాపులో మోసపోం. 38 అనేది బ్యాటరీ సత్తా అంకె. బీ అంటే వెడల్పు, ఎత్తుల తరగతి. 20 అంటే పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు. ఎల్ అంటే, టెర్మినళ్లున్న పొడవు వైపు మన పొట్టకు దగ్గరగా పెట్టుకుని చూస్తే ప్లస్ కుడి చేతి వైపు ఉండేది. ఆర్ అయితే ఎడమ వైపు. ఎల్ బదులు ఆర్ తెస్తే కేబుళ్లు అందవు. లాగి పీకి అందించినా ప్లస్ క్లాంపు బానెట్ రేకుకో, బ్యాటరీని పట్టి ఉంచే పట్టీకో ఆనే ప్రమాదం ఉంది.

ఇంకో తిరకాసు టెర్మినల్ లావు. ఈ బీ20 రకంలో సన్నవి: ప్లస్ 14.7 మిల్లీమీటర్లు, మైనస్ 13. లావు రకంలో 19.5, 17.9. సన్న క్లాంపును లావుదాని మీద సుత్తితో కొట్టి దింపకూడదు, లావు క్లాంపును సన్నదాని మీద రేకు ముక్క పెట్టి బిగించకూడదు. ఎప్పుడైనా ప్లస్సే కాస్త లావు, తారుమారు కాకుండా అది మొదటి కాపలా.

"కొంచెం పెద్దది వేసుకోండి సార్, ఇంకా బాగా లాగుతుంది" అని 24 సెంటీమీటర్ల దాన్ని చూపిస్తారు. ట్రేలో పట్టదు. పట్టీ బిగియదు. ఊగే బ్యాటరీ లోపలి ప్లేట్లు గతుకుల రోడ్డు మీద రాలిపోతాయి. అదే బీ20 కొలతలో సత్తా అంకె ఎక్కువున్నది దొరికితే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. స్టార్ట్-స్టాప్ ఉన్న బండికైతే దాంతో వచ్చిన రకమే, ఈఎఫ్‌బీ అయితే ఈఎఫ్‌బీ, ఏజీఎం అయితే ఏజీఎం (రెండూ మాటిమాటికీ స్టార్టు చేయడాన్ని తట్టుకునే రకాలు), వేయాలి. మామూలుది వేస్తే ఏడాది తిరక్కుండానే పోవచ్చు.

మన షాపుల్లో ఎక్కువగా కనిపించేవి ఎక్సైడ్, తిరుపతి దగ్గరి కరకంబాడి ప్లాంటు నుంచి వచ్చే అమరాన్. ఏ కంపెనీదైనా చూడవలసినవి రెండు: తయారీ తేదీ మూడు నెలల లోపు ఉండాలి, షాపులోనే మీటరు పెడితే 12.5 పైన చూపించాలి. 12.3 చూపించేదాన్ని 'బిగించాక నిండుతుందిలే' అన్నా తీసుకోవద్దు. షాపు అరలోనే దానికి సల్ఫేటు మొదలై ఉంటుంది. వారంటీ కార్డు మీద 24+24 అని ఉంటే మొదటి 24 నెలలు ఉచితంగా మార్చిస్తారు, తర్వాతి 24 నెలలు వాడిన కాలాన్ని బట్టి ధరలో తగ్గింపు మాత్రమే. సీరియల్ నంబరు, బండి నంబరు, తేదీ ఆన్‌లైన్లో ఎక్కించారో లేదో అక్కడే చూసుకోవాలి.

పాత బ్యాటరీ ఇస్తే ధర తగ్గిస్తారు. బుధవారం తెచ్చిస్తామని చెప్పి బిల్లు మీద రాయించుకున్నాం.

మంగళవారం సాయంత్రం: మార్పు, 50 నిమిషాలు

కావలసినవి: 10 నంబరు పానా, పొడుగు గొట్టం ఉన్న 10 నంబరు టీ-పానా, వైరు బ్రష్, వంట సోడా, లీటరు నీళ్లు, వాజలైన్, రబ్బరు గ్లౌజులు, కళ్లజోడు, పాత గుడ్డ. చేతికున్న ఉంగరాలు, గాజులు, వాచీ తీసి పెట్టాలి. టెర్మినల్‌కీ బాడీకీ మధ్య చిక్కిన ఉంగరం క్షణంలో ఎర్రగా కాలుతుంది.

తాళం తీసి, బండి నిద్రపోయేదాకా పది నిమిషాలు ఆగాలి. డిక్కీ కరెంటుతో తెరుచుకునే బండి అయితే ముందే తెరిచి ఉంచుకోవాలి.

ముందు మైనస్. కారు బాడీ అంతా మైనస్సే. మైనస్ బిగించి ఉండగా ప్లస్ నట్టు విప్పుతూ పానా బాడీకి తగిలితే నేరుగా షార్టు, వందల ఆంపియర్లు. మైనస్ తీసేశాక అదే పానా బాడీకి తగిలినా ఏమీ కాదు. తీసిన మైనస్ కేబుల్‌ను గుడ్డ చుట్టి పక్కకు వంచి కట్టాలి, అది తనంతట తాను వచ్చి టెర్మినల్ మీద వాలే గుణం ఉన్నది. తర్వాత ప్లస్. క్లాంపు రాకపోతే అటూ ఇటూ ఊపి లాగకుండా, దాని చీలికలో స్క్రూడ్రైవరు పెట్టి కాస్త తెరిస్తే పైకొస్తుంది.

పట్టీని పట్టి ఉంచే పొడుగు కొక్కేల నట్లలో ఒకటి తుప్పుతో పట్టేసింది. తుప్పు వదిలించే నూనె కొట్టి పావుగంట వదిలి, ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పి, అప్పుడు విప్పితే వచ్చింది. ఒకేసారి విప్పబోతే ఆ సన్న కడ్డీ తెగుతుంది.

బ్యాటరీ దాదాపు 10 కిలోలు. నిటారుగా ఎత్తాలి, పొట్టకు ఆనించుకోకూడదు. చొక్కాకు అంటిన యాసిడ్ వెంటనే కనపడదు, రెండు ఉతుకుల తర్వాత చిల్లులుగా కనపడుతుంది.

ట్రే మూలల్లో తెల్లపొడి. లీటరు నీళ్లలో రెండు చెంచాల సోడా కలిపి పోస్తే బుసబుసా నురగ. నురగ రావడం ఆగేదాకా పోసి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టాం. ఈ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు, అందుకే బ్యాటరీ బయటికి తీశాకే కడగాలి. చుట్టూ ఉండే నల్లటి దళసరి తొడుగును పనికిరాదని పారేసేవాళ్లున్నారు. అది ఇంజిను వేడి నుంచి బ్యాటరీని కాపాడేది. మే నెల ఎండకు ఇంజిను సెగ తోడైతే లోపలి నీరు ఆవిరై, ప్లేట్లు తొందరగా తినేసుకుంటాయి. దుమ్ము దులిపి మళ్లీ తొడిగాం.

కొత్తది ట్రేలో కూర్చున్నాక ముందు పట్టీ, తర్వాత ప్లస్, చివర మైనస్. గుర్తు కోసం కేబుల్ రంగును కాదు, బ్యాటరీ మీది ప్లస్ మైనస్ అచ్చును చూడాలి. ఎప్పుడో ఎవరో నల్ల తీగతో ప్లస్ కేబుల్ కట్టి ఉండవచ్చు. తారుమారు చేస్తే మెయిన్ ఫ్యూజు, ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. మైనస్ తాకించేటప్పుడు చిన్న మెరుపు సహజం, కంప్యూటర్లలోని కెపాసిటర్లు నిండుతున్నాయంతే.

బిగువు ఎంత? క్లాంపును చేత్తో గట్టిగా తిప్పినా కదలకూడదు, అక్కడితో ఆగాలి. సీసం మెత్తన, ఇంకా బిగిస్తే టెర్మినల్ మొదట్లో బీట పడి యాసిడ్ ఊరుతుంది. నట్టు చివరిదాకా బిగిసి చీలిక పూర్తిగా మూసుకున్నా క్లాంపు వదులుగా ఉందంటే అది సాగిపోయింది, కొత్త క్లాంపు వేయాలి. బిగింపు పూర్తయ్యాకే పైన వాజలైన్. ముందే లోపల రాస్తే సీసానికీ సీసానికీ మధ్య అడ్డుపడుతుంది.

మంగళవారం రాత్రి: కొలతలు

ఊరికే ఉన్నప్పుడు 12.68. సెల్ఫ్ తిరిగేటప్పుడు కనిష్ఠం 10.4. ఇంజిను నడుస్తుండగా 14.2. హెడ్‌లైట్లు, ఏసీ, ఫ్యాను పూర్తిగా వేసినా 13.9. ఇంజిను నడుస్తుండగా 13.3 కిందే ఉంటే బెల్టు వదులో, ఆల్టర్నేటర్ జబ్బో. 15 దాటితే ఆల్టర్నేటర్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పాడైనట్టు, అది కొత్త బ్యాటరీని ఉడకబెడుతుంది. కొన్ని కొత్త బండ్లలో కంప్యూటరే ఆల్టర్నేటర్‌ను తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, వాటిలో కాసేపు 13 దగ్గర కనిపించినా తప్పు కాదు.

ఎర్తు (ఇంజినును బ్యాటరీ మైనస్‌కు కలిపే దారి) కూడా చూశాం. ఒక ప్రోబు ఇంజిను లోహం మీద, ఒకటి మైనస్ టెర్మినల్ మీద పెట్టి సెల్ఫ్ కొడితే 0.12. 0.2 దాటితే ఎర్తు తీగ బోల్టు విప్పి శుభ్రం చేయాలి.

ఇంజిను నడుస్తుండగా మైనస్ పీకి, ఆగిపోకపోతే ఆల్టర్నేటర్ మంచిదని చెప్పే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. కంప్యూటర్ లేని పాత బండ్ల కాలపు పద్ధతి అది. ఇప్పటి బండిలో ఆ క్షణంలో లేచే వోల్టేజీకి ఈసీయూ (ఇంజిను కంప్యూటర్) కాలిపోవచ్చు. ఎవరు చేయబోయినా చెయ్యి పట్టుకుని ఆపండి.

గడియారం 12:00కి వచ్చింది. డ్రైవరు అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లడం మానేసింది; పూర్తిగా పైకెత్తి స్విచ్చును కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంది. స్టీరింగ్ లైటు వెలిగితే చక్రాన్ని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పి, కొంచెం దూరం నడిపితే పోయింది. ఐడిల్ (బండి నిలిచి ఉన్నప్పటి ఇంజిను వేగం) మొదటి పది నిమిషాలు కాస్త పైకీ కిందికీ ఊగి సర్దుకుంది.

బుధవారం: పాత బ్యాటరీ

టెర్మినళ్ల మీద కొత్తదాని ప్లాస్టిక్ మూతలు తొడిగి, నిటారుగా పాత టబ్బులో పెట్టి షాపుకు చేర్చాం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకూడదు. సీసం మళ్లీ సీసంగానే వాడుకలోకి వస్తుంది. వీధిలో పగలగొట్టి సీసం తీసి, యాసిడ్ కాలవలో పారబోసే చోట ఇస్తే, నాలుగు రూపాయలు ఎక్కువొచ్చినా ఆ వీధి పిల్లల ఒంట్లోకి సీసం వెళుతుంది.

ఆదివారం: నాలుగు రోజుల తర్వాత

బుధవారం రాత్రి నుంచి బండి కదల్లేదు. తాళం పెట్టకముందు 12.62. లీకేజీ మళ్లీ కొలిస్తే 0.022, మారలేదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు కనిష్ఠం 10.3. డ్యాష్‌క్యామ్ తాళం తిప్పగానే వెలిగింది, తాళం తీయగానే ఆరింది. క్లాంపు నట్లు మరోసారి చేత్తో పట్టి చూస్తే రెండూ కదల్లేదు. తదుపరి కొలత మార్చి చివర్లో, ఎండలు ముదరకముందు.